అటకెక్కిన దుబాయ్ పెట్టె
పాత స్టీరియో కొనాలనుకునే కొత్తవాళ్లు ముందు వెతకాల్సింది బజార్లో కాదు... ఇంట్లో!

నిజామాబాద్ జిల్లా పల్లెల్లో ఒకప్పుడు 'ఫలానా వాళ్లబ్బాయి దుబాయ్ నుంచి వచ్చాడట' అన్న కబురు మోసుకొచ్చేది మనుషులు కాదు, పాటలు. బస్సు దిగిన మనిషి భుజాన ఓ బరువైన పెట్టె. అటూ ఇటూ గుండ్రటి స్పీకర్లు, మధ్యలో క్యాసెట్ తలుపు, పైన తళతళలాడే యాంటెన్నా. దాన్ని అరుగు మీద పెట్టి మీట నొక్కితే చాలు, వాడకట్టంతా అక్కడే. నేషనల్ పానాసోనిక్, సోనీ, సాన్యో, షార్ప్... ఏబీసీడీలు రాని పెద్దవాళ్లు కూడా డబ్బా మీది అక్షరాలు చూసి ఏ కంపెనీదో చెప్పేసేవారు.

మరి ఆ పెట్టెలన్నీ ఏమైనట్టు? కొన్ని పాత సామాను బండెక్కాయి. కొన్ని చుట్టాలింటికి వెళ్లి తిరిగి రాలేదు. మిగిలినవి సజ్జల మీద, పాత చీరల్లో చుట్టుకుని, అక్షరాలా అటకెక్కాయి.

ఇప్పుడు మళ్లీ వాటికి రోజులొచ్చాయి. ఫోన్లో వేల పాటలున్నా, ఎదురుగా రెండు సౌండ్ బాక్సులు పెట్టుకుని కూర్చుని వినాలన్న సరదా కుర్రకారులో పెరుగుతోంది. దాంతో పాత సరుకుకు 'వింటేజ్' అన్న పేరు, ఆ పేరుకో ధర వచ్చి చేరాయి. ఈ దారిలోకి కొత్తగా వచ్చినవాళ్లు సాధారణంగా రెండు పొరపాట్లు చేస్తుంటారు. ఇంటర్నెట్‌లో ఫొటో చూసి డబ్బు కట్టేయడం ఒకటి. అటక మీంచి దించిన పెట్టెను దుమ్ము దులిపి నేరుగా ప్లగ్గులో పెట్టేయడం రెండోది. మొదటి దానివల్ల డబ్బు పోతుంది. రెండో దానివల్ల పెట్టె పోతుంది. ఒక్కోసారి ఏళ్ల తరబడి అందులోనే ఉండిపోయిన క్యాసెట్ కూడా పోతుంది. డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు. ఆ క్యాసెట్‌లో ఇంటి మనిషి గొంతే ఉంటే..?

ఎడారి చెమట, జపాన్ సరుకు

1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరగడంతో గల్ఫ్ దేశాల్లో డబ్బు వరదలా వచ్చిపడింది. రోడ్లు, మేడలు, రేవులు కట్టడానికి మనుషులు కావాల్సి వచ్చారు. ఆ తర్వాతి ఏళ్లలో నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల నుంచి వలస మొదలైంది. ఆర్మూర్, బాల్కొండ, మోర్తాడ్, కమ్మర్‌పల్లి వైపు ఊళ్ల నుంచి ఎందరో అప్పు చేసి విమానం ఎక్కారు. అప్పట్లో మన దేశంలో విదేశీ ఎలక్ట్రానిక్ సరుకు మీద ఆంక్షలెక్కువ, సుంకాలూ ఎక్కువే. 1991 తర్వాత గానీ ఆ తలుపులు పూర్తిగా తెరుచుకోలేదు. అంచేత జపాన్ స్టీరియో మన పల్లెకు నేరుగా రాలేదు. దుబాయ్ కొట్లో కొనుక్కుని, మనవాళ్ల భుజాల మీద ఎక్కి వచ్చింది.

బోధన్ వైపు కథ కొంచెం వేరు. అక్కడ 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. దాని చుట్టూ షక్కర్‌నగర్ ఏర్పడింది. 2015 డిసెంబరులో మూతపడేదాకా ఆ ఫ్యాక్టరీయే చుట్టుపక్కల చెరకు రైతుకు, కార్మికుడికి ఆధారం. నెల జీతాలొచ్చే ఇలాంటి చోట్ల కనిపించేది ఎక్కువగా మన దేశంలో తయారైన సరుకే. ఫిలిప్స్, మర్ఫీ, బుష్ రేడియోలు, హెచ్ఎంవీ రికార్డు ప్లేయర్లు అలాంటివే. అంటే ఈ ఒక్క జిల్లాలోనే పాత సంగీత యంత్రాలకు రెండు వారసత్వాలున్నాయన్నమాట. ఏది ఇంట్లో ఉందో తెలుసుకోవడమే మొదటి మెట్టు. అమ్మమ్మగారింట్లో అడిగినా తప్పులేదు!

ఏం వింటారు?

యంత్రం ఎంచుకునే ముందు ఆలోచించాల్సింది అసలు వినాలనుకుంటున్నదేమిటన్నది. చాలామంది ఈ ప్రశ్న చివర్లో వేసుకుంటారు, అప్పటికే జేబు ఖాళీ అవుతుంది.

ఇంట్లో క్యాసెట్లున్నాయా? టూ ఇన్ వన్ గానీ, క్యాసెట్ డెక్కు గానీ కావాలి. క్యాసెట్లేమీ లేవు, ఫోన్లో పాటలే పెద్ద సౌండ్ బాక్సుల్లో వినాలంటారా? అప్పుడు డెక్కుతో పనే లేదు. ఓ పాత యాంప్లిఫయర్, ఒక జత స్పీకర్లు చాలు. వెనక 'ఆక్స్' అనో 'లైన్ ఇన్' అనో రాసి ఉన్న రంధ్రాల్లో ఫోన్ వైరు పెడితే సరి. పాత ఫిలిప్స్ సెట్లకు అయిదు కాళ్ల గుండ్రటి 'డిన్' సాకెట్ ఉంటుంది. దానికీ వైరు చేయించుకోవచ్చు. 'ఫోనో' అని రాసి ఉన్నచోట మాత్రం ఫోన్ వైరు పెట్టకూడదు. పేరు ఒకేలా ఉన్నా దానికీ మన ఫోనుకూ సంబంధం లేదు, అది రికార్డు ప్లేయర్ కోసం. అందులోంచి వచ్చే అతి సన్నని ధ్వనిని ఎన్నో రెట్లు పెంచే ఏర్పాటు అక్కడుంటుంది. ఫోన్ పెడితే పాట పగిలిపోయి వినిపిస్తుంది.

రేడియో కావాలంటే ఇంకో మెలిక ఉంది. నిజామాబాద్ ఆకాశవాణి ఎఫ్‌ఎం వచ్చేది 103.2 మెగాహెర్ట్జ్ మీద. గల్ఫ్ కోసం తయారైన సెట్లలో ఎఫ్‌ఎం 88 నుంచి 108 దాకా ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. జపాన్‌లో వాడుకోవడానికి తయారైన పాత సెట్లలో మాత్రం 76 నుంచి 90 వరకే. ఇలాంటివి ఇంటర్నెట్‌లో చూడముచ్చటగా, చవగ్గా కనిపిస్తాయి. కొని తెస్తే అందులో నిజామాబాద్ స్టేషన్ పలకదు. పైగా అవి 100 వోల్టుల సెట్లు. మన ప్లగ్గులో పెడితే అంతే సంగతులు.

ఆగండి... స్విచ్ వేయొద్దు!

వోల్టుల మాట వచ్చింది కాబట్టి దాన్ని కాస్త వివరంగానే చెప్పుకోవాలి. గల్ఫ్ అంతా ఒకటి కాదు. దుబాయ్, కువైట్, మస్కట్‌లలో కరెంటు మనలాగే 220-240 వోల్టులు. సౌదీలో మాత్రం చాలా పట్టణాల్లో ఒకప్పుడు 127 వోల్టులుండేది. అందుకే అక్కడ అమ్మిన సెట్లలో చాలావాటికి వెనకవైపో, అడుగునో చిన్న మీట ఉంటుంది. 110-127 ఒకవైపు, 220-240 మరోవైపు. ఈ మీట ఎక్కడుందో చూడకుండా కరెంటు ఇవ్వకూడదు. పిల్లలు ఆడుకుంటూ అటూ ఇటూ జరిపేసి ఉండొచ్చు. మీట లేకపోతే వెనకున్న రేకు మీద ఎన్ని వోల్టులో రాసి ఉంటుంది. 110 అని ఒక్కటే ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

టూ ఇన్ వన్ అయితే ఇంతకన్నా సులువైన ఉపాయం ఒకటుంది. సెల్లులు వేసి చూడటం! చాలా సెట్లు టార్చిలైటులో వేసే లావు సెల్లులు ఆరో ఎనిమిదో పెడితే పాడతాయి. వోల్టుల భయం ఉండదు. సెల్లుల గూడు తెరిచేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఎప్పుడో వేసి మరిచిపోయిన సెల్లులు కారి, స్ప్రింగులు పచ్చగా చిలుము పట్టి ఉంటాయి. వాటిని గీకి శుభ్రం చేశాకే కొత్తవి వేయాలి.

కరెంటుతోనే నడిచే సెట్టయితే ముందు మూత తెరిపించి లోపలికి చూడాలి. మన ఊళ్లలో అటకంటే దుమ్ము ఒక్కటే కాదు. ఎలుకలు కొరికిన వైర్లు, బల్లి గుడ్లు, చీమల పుట్ట... అన్నీ ఉంటాయి. రేకుల కింద దాచినవైతే ఎండాకాలం వేడికి లోపలి రబ్బరు బెల్టులు కరిగి తారులా అంటుకుపోయి ఉంటాయి. ఇక కండెన్సర్లు. పాతికేళ్లు కరెంటు చూడని కండెన్సర్ ఎండిపోయి ఉంటుంది. ఒక్కసారిగా 230 వోల్టులు తగిలితే కొన్ని ఉబ్బుతాయి, కొన్ని పేలతాయి, వాటితోపాటు మిగతావీ కాలుతాయి.

అందుకే అనుభవమున్న మెకానిక్ ఎవరూ పాత సెట్టును నేరుగా ప్లగ్గులో పెట్టడు. 'సీరీస్ బల్బు' వాడతాడు. అంటే కరెంటు వచ్చే దారిలో 100 వాట్ల పాతకాలపు బల్బు ఒకటి పెడతాడు, ఎల్ఈడీ పనికిరాదు. స్విచ్ వేయగానే బల్బు ఒక్క క్షణం వెలిగి మసకబారితే సెట్టు క్షేమం. ధగధగా వెలుగుతూనే ఉంటే లోపల ఎక్కడో షార్టయినట్టు. నష్టమంతా బల్బు వెలుగులోనే పోతుంది, సెట్టు బతుకుతుంది. పది రూపాయల తెలివి! అయితే ఇది మెకానిక్ చేయాల్సిన పనే. ప్లగ్గు పీకేసినా పెద్ద కండెన్సర్లలో కరెంటు కాసేపు నిల్వ ఉంటుంది. పాత వాల్వు రేడియోలైతే మరీ ప్రమాదం. కొన్నింటిలో ట్రాన్స్‌ఫార్మరే ఉండదు, లోపలి ఇనుప చట్రానికే కరెంటు ఉంటుంది. ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చునే రకం సామాను కాదది.

వాట్ల మాయ

'వెయ్యి వాట్లు' అని డబ్బా మీద మెరిసే అక్షరాలు గుర్తున్నాయా? పక్కనే చిన్నగా 'పీఎంపీఓ' అని ఉండేది. ఆ లెక్కకు ఓ పద్ధతంటూ లేదు, కంపెనీ వాళ్లకు ఎంత తోస్తే అంత. అసలు సంగతి సెట్టు వెనక రేకు మీదే ఉంటుంది. అది కరెంటు ఎన్ని వాట్లు తీసుకుంటుందో అక్కడ రాసి ఉంటుంది. 60 వాట్లు తీసుకునేది వెయ్యి వాట్లు ఎలా ఇస్తుంది? నమ్మదగిన లెక్క 'ఆర్ఎంఎస్' వాట్లది. మామూలు పడగ్గదికి ఒక్కో వైపు 15, 20 ఆర్ఎంఎస్ వాట్లుంటే ధారాళంగా సరిపోతుంది. పైగా వాట్లు రెట్టింపైతే చప్పుడు రెట్టింపు కాదు, 3 డెసిబెళ్లే పెరుగుతుంది. చెవికి అది కాస్తంత తేడా, అంతే.

పాట బాగుందా లేదా అన్నది నిజానికి తేల్చేది స్పీకర్లు. కాబట్టి డబ్బు ఎక్కువ పెట్టాల్సిందీ, ఎక్కువ పరీక్షించాల్సిందీ వాటినే. ముందు గుడ్డ తొలగించి కాగితపు శంకువు చుట్టూ ఉన్న అంచును వేలితో మెల్లగా తాకాలి. అది స్పాంజిదైతే చాలావరకు పొడిపొడిగా రాలుతుంది. ఇరవై ఏళ్లకే స్పాంజికి ఆయుష్షు తీరుతుంది. రబ్బరు, గుడ్డ అంచులైతే ఎక్కువకాలం ఉంటాయి. స్పాంజి పోయిందని స్పీకర్‌ను వదులుకోనక్కర్లేదు. బేరంలో ఆ మేరకు తగ్గించి తెచ్చుకుని, పెళ్లిళ్ల మైక్‌సెట్ల స్పీకర్లకు కోన్లు మార్చేవారి దగ్గర కొత్త అంచు వేయించుకోవచ్చు. ఆ పని తెలిసినవాళ్లు దాదాపు ప్రతి పట్నంలోనూ ఉంటారు.

స్పీకర్ బతికుందో లేదో తెలియాలంటే జేబులో ఒక చిన్న సెల్లు ఉంటే చాలు. దాని రెండు కొనలకు స్పీకర్ వైర్లు ఒక్క క్షణం తాకిస్తే 'టప్'మని వినపడాలి. శంకువు బయటికి కదిలితే సెల్లు ప్లస్‌కు తగిలిన వైరే స్పీకర్ ప్లస్. రెండు పెట్టెలకూ ఇలా గుర్తు పెట్టుకుని ఒకే తీరుగా కలపాలి. ఒకటి తిరగబడితే ఒకటి ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది, మృదంగం, డోలు గొంతు ఎండిపోతుంది. 'పాత స్పీకర్లు కదా, బేస్ లేదు' అని పక్కన పడేసిన జతల్లో కొన్నింటి జబ్బు ఇదే!

కొనాల్సి వస్తే...

ఇంట్లో ఏమీ దొరకనివారు హైదరాబాద్ బండెక్కొచ్చు. ఆదివారం ఎర్రగడ్డ సంత, గురువారం జుమ్మేరాత్ బజార్ పాత సామానుకు పేరుపడ్డవి. విడిభాగాలకు, వైర్లకు కోఠిలోని గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. తీరిక, ఓపిక ఉన్నవారికి దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో ముంబై చోర్ బజార్ దాకా పోవాలనిపించవచ్చు. కానీ మొదటిసారి కొనేవాళ్లకు అది సలహా ఇవ్వదగిన ప్రయాణం కాదు. చెడిపోతే వెనక్కి తీసుకెళ్లగలిగే దూరంలో కొనడమే మేలు.

చేతిలో ఎంత ఉన్నా అందులో మూడో వంతు మరమ్మతుకని ముందే తీసి పక్కన పెట్టాలి. పాత సెట్టంటే మరమ్మతు ఉండే తీరుతుంది. మిగిలిన దాంట్లో సగానికి పైగా స్పీకర్లకు. యాంప్లిఫయర్ దగ్గర పేరు చూసి మోసపోకూడదు. మరాంజ్, పయొనీర్, సాన్సుయ్ అనగానే ధర ఆకాశంలో ఉంటుంది. అదీగాక 1990ల తర్వాత మన దగ్గర టీవీల మీద కనిపించిన అకాయ్, సాన్సుయ్‌లకూ, అంతకుముందు జపాన్‌లో తయారైన ఆ యాంప్లిఫయర్లకూ పేరు తప్ప పోలిక లేదు. తక్కువ డబ్బున్నవారికి మన దేశీ సరుకే నేస్తం. సోనోడైన్, కాస్మిక్, ఫిలిప్స్ లాంటివి. వీటిలో చాలావాటికి విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి.

విడిభాగాల దగ్గర ఒక పేరు గుర్తుంచుకోవాలి. ఎస్‌టీకే. 1980లు, 90ల సెట్లలో చాలావాటి గుండెకాయ ఇదే. అరచేతిలో సగం ఉండే నల్లటి దిమ్మ. సాన్యో వాళ్లు చేసేవారు. ఆ తయారీ ఆగిపోయి ఏళ్లయింది. బజార్లో అదే నంబరుతో దొరికేవాటిలో నకిలీలెక్కువ, వేసిన వారానికే కాలిపోతుంటాయి. కాబట్టి ఎస్‌టీకే సెట్టు పనిచేస్తుంటేనే కొనాలి. 'దిమ్మ ఒక్కటి వేస్తే చాలు' అన్న సెట్టు జోలికి పోవద్దు. 2ఎన్3055 లాంటి విడి ట్రాన్సిస్టర్లతో నడిచే సెట్టయితే ఏ చిన్న పట్నంలో అయినా బాగవుతుంది. ఆ ట్రాన్సిస్టర్లతోనే ఒకప్పుడు మన ఊరి మెకానిక్‌లు రేకు డబ్బాల్లో యాంప్లిఫయర్లు తయారుచేసి అమ్మేవారు. చూడటానికి మోటుగా ఉంటాయి గానీ, వాటిలో మంచివి దొరికితే వదలకూడదు.

'నడుస్తది సార్, ఇంటికి పోయి చూస్కోండ్రి' అంటే నమ్మకూడదు. అక్కడే పెట్టించి పావుగంట వినాలి. ఎడమా కుడీ రెండూ పలుకుతున్నాయా? వాల్యూమ్ తిప్పితే కరకర వినిపిస్తే కంగారక్కర్లేదు, కాంటాక్ట్ క్లీనర్ కొడితే పోతుంది. పాట లేనప్పుడు కూడా 'గుయ్'మని మోగుతుంటే కండెన్సర్ల పని పడింది. కాలిన వాసన వస్తే లేచి వచ్చేయడమే. క్యాసెట్ పాట సాగదీసినట్టుంటే బెల్టు వదులైందని అర్థం, అది మార్చదగినదే. మూత మేకుల తలలు అరిగిపోయి ఉంటే ఎన్ని చేతులు మారిందో ఊహించుకోవచ్చు.

నల్ల రికార్డు మోజు

రికార్డు ప్లేయర్ ఈ సరదాలో అన్నిటికన్నా అందమైనది, అన్నిటికన్నా ఖరీదైనది. మొదటి ఏడాది దీన్ని వాయిదా వేయడం మంచిది. ఇంట్లో ఘంటసాల భగవద్గీత, సుబ్బులక్ష్మి సుప్రభాతం రికార్డులుంటే మరీ జాగ్రత్త. అరిగిన ముల్లుతో ఒక్కసారి తిప్పినా గాడి చెక్కుకుపోతుంది, అది మళ్లీ రాదు. వజ్రపు ముల్లు కొన్ని వందల గంటలు వస్తుంది, నీలపు రాతి ముల్లు అంతకంటే చాలా త్వరగా అరుగుతుంది. ఇక పాత సూట్‌కేసులా కనిపించే చవక కొత్త ప్లేయర్లున్నాయే, వాటికి రూపమే పాతది. అమ్మమ్మ రికార్డులకు వాటిని దూరంగా ఉంచడమే మంచిది. 78 తిరుగుళ్ల రికార్డుకు వేరే లావు ముల్లుండాలి. ఎల్పీ ముల్లుతో దాన్ని తిప్పకూడదు.

క్యాసెట్ ఉత్తరాలు

ఫోను దొరకని, దొరికినా నిమిషానికి రోజుకూలీ అంత ఖర్చయ్యే రోజుల్లో గల్ఫ్ వలస కుటుంబాలకు ఈ టేప్‌రికార్డర్ పాటల పెట్టె మాత్రమే కాదు. చదవడం, రాయడం రానివాళ్లకు అదే ఉత్తరం. అక్కడి మనిషి క్యాసెట్‌లో మాట్లాడి ఊరికి వచ్చేవాళ్ల చేతికిచ్చేవాడు. ఇక్కడ ఇల్లంతా చుట్టూ కూర్చుని వినేవారు. అదే క్యాసెట్ రెండో వైపు అమ్మ, భార్య, బిడ్డ మాట్లాడి తిరుగు ప్రయాణంలో పంపేవారు. పంట సంగతి, అప్పు సంగతి, బర్రె ఈనిన సంగతి. వెనక కోడికూత కూడా ఉండేది. మళ్లీ మళ్లీ రికార్డు చేసుకునే వీలుండటంతో చాలా మాటలు చెరిగిపోయాయి. చెరగకుండా మిగిలినవి సినిమా పాటల క్యాసెట్ల మధ్య, పేరు రాయకుండా ఉంటాయి.

కాబట్టి ఇంట్లో పేరు లేని క్యాసెట్ దొరికితే దాన్ని అటక మీంచి దించిన సెట్టులో పెట్టేయొద్దు. ముందు పోయినా బాధలేని పాత పాటల క్యాసెట్‌తో సెట్టును నాలుగైదు రోజులు పరీక్షించాలి. హెడ్డును, రబ్బరు రోలర్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడవాలి. మొబైల్ రిపేరు చేసేవాళ్ల దగ్గర ఇది ఉంటుంది. టేపు నలగడం, చిక్కుకోవడం లేదని తేలాక పేరులేని క్యాసెట్ చేతిలోకి తీసుకోవాలి. దాని వీపున రెండు మూలలా ఉండే చిన్న ప్లాస్టిక్ పలకలను విరిచేస్తే పొరపాటున రికార్డు మీట నొక్కినా అది దిగదు, పాత మాట చెరగదు. టేపు వెనకుండే చిన్న ఊలు మెత్త ఊడిపోయి ఉంటే గొంతు మందంగా, దూరంగా వినిపిస్తుంది. చచ్చిపోయిందనుకోవద్దు. మేకులతో బిగించిన మరో క్యాసెట్ డబ్బాలోకి టేపు చుట్టలు మార్చితే మళ్లీ పలుకుతుంది.

మొదటిసారి వినేటప్పుడే దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడం మంచిది. ఎందుకంటే టేపు బలహీనంగా ఉంటే రెండో అవకాశం ఉండకపోవచ్చు. సెట్టు ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు వైరు కలిపి, ఉచితంగా దొరికే ఆడాసిటీ లాంటి సాఫ్ట్‌వేర్ పెడితే చాలు. ఒక వైపు మొత్తాన్ని మధ్యలో ఆపకుండా ఎక్కించాలి. ఖాళీగా ఉందనిపించినా ఆపొద్దు. ఏ పాట చివర్లోనో, పదిహేను నిమిషాల నిశ్శబ్దం తర్వాతో గొంతు మొదలవ్వచ్చు. ఆ తర్వాత అసలు క్యాసెట్ మీద పేరు, ఎవరి గొంతో, ఏ ఏడాదిదో రాసి, నిలువుగా, చల్లటి బీరువాలో దాచాలి. కొత్తగా తెచ్చుకున్న స్పీకర్ మీద మాత్రం పెట్టకూడదు. లోపలి అయస్కాంతానికి టేపులోని మాటలు చెరిగిపోతాయి.